ఆరడుగుల రెండంగుళాల మనిషికి మొదటి గేరు బండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు, బరువు 82 కిలోలు. ఇంతవరకూ స్కూటర్ తప్ప నడపలేదు, దాని మీద మలుపు తిప్పితే మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతున్నాయి. తిరుపతిలో కరకంబాడి రోడ్డులో ఇల్లు, రేణిగుంట వైపు ఉద్యోగం, వారానికోసారి చిత్తూరు ప్రయాణం. చిత్తూరింట్లో నాన్నగారి పాత స్ప్లెండర్ ఉంది. స్నేహితులు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అంటున్నారు, షోరూమువాళ్లు హీరో ఎక్స్‌పల్స్ అంటున్నారు. అప్పుడప్పుడూ వెనక అమ్మగారు కూర్చుంటారు. ఏది కొనాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇప్పుడే ఏదీ కొనకండి. ఆ స్ప్లెండర్‌ను తిరుపతికి తెచ్చుకుని దాని మీద నేర్చుకోండి, దాని మీదే ఎనిమిది వేసి లైసెన్సు తీసుకోండి. మోకాళ్లు నొస్తాయి, ఒకటి రెండు నెలలే కదా, ఓర్చుకోండి. తర్వాత కొనేటప్పుడు చిత్తూరు ప్రయాణమే ముఖ్యమైతే సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్, ఊళ్లో తిరగడం, మట్టి దారులు ఎక్కువైతే ఎక్స్‌పల్స్, అమ్మగారు తరచూ కూర్చునేట్టయితే ఈ రెండూ కాదు. ఆ సంగతి కింద చెబుతాను.

పొడుగు మనిషికి పెద్ద బండి అన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. పెద్ద బండి అంటే బరువైన బండి అని లెక్క. క్లాసిక్ 350 బరువు పెట్రోలుతో కలిపి 195 కిలోలు, స్ప్లెండర్ 112. తేడా 83 కిలోలు, అంటే అచ్చంగా మీ అంత మనిషి. నేర్చుకునేటప్పుడు బండి పడేది వేగంలో కాదు. సందులో వెనక్కి తిప్పేటప్పుడు, మిట్ట మీద ఆపినప్పుడు, క్లచ్ గబుక్కున వదిలి ఇంజను ఆగిపోయినప్పుడు, నిలబడ్డ చోటే పడుతుంది. అలా ఒరిగిన 112 కిలోలను తొడతో ఆపుకోవచ్చు. 195 కిలోలు కొంత ఒరిగాక వదిలేసి పక్కకు తప్పుకోవడమే మేలు, లేదంటే కాలు దాని కింద ఉంటుంది. పైగా క్లాసిక్ సీటు 805 మి.మీ., స్ప్లెండర్ సీటు 785. ఎత్తులో మీకు దక్కేది రెండు సెంటీమీటర్లు. దాని కోసం 83 కిలోలు మోయాలా?

ఇక కొలతలు. షోరూముకు వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఇది. చెప్పులు విప్పి, వీపు గోడకు ఆనించి, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి తెలిసేదాకా పైకి లాగండి. దాని పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నది మీ కాలి లోపలి కొలత. మీ ఎత్తువాళ్లకు మామూలుగా 86 నుంచి 90 సెం.మీ. ఉంటుంది. 88 అనుకుందాం. బూటు మడమ ఓ రెండు కలుపుతుంది. సీటు వెడల్పు కాళ్లను పక్కలకు తోస్తుంది కాబట్టి అందులోంచి ఓ ఐదు తీసేయండి, 85 మిగులుతుంది. మీరు ఎక్కగానే షాకబ్జర్లు ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు దిగుతాయి. అంటే కాగితం మీద 850 మి.మీ. సీటున్న బండి మీద కూడా మీ రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనతాయి. ఐదడుగుల ఐదంగుళాల వాళ్లు భయపడే బండ్లన్నీ మీకు తెరిచిన తలుపులే.

కానీ సీటు ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారు. పొడుగువాళ్లకు అసలు కొలత సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం. మామూలుగా కంపెనీ కాగితాల్లో ఇది కనబడదు, టేపు పెట్టి మీరే చూసుకోవాలి: మీరు కూర్చునే చోట సీటు అంచు నుంచి ఫుట్‌రెస్టు పై భాగం దాకా. రెండు బండ్ల మధ్య మూడు సెంటీమీటర్ల తేడా ఉన్నా అరగంట తర్వాత మోకాలికి తెలిసిపోతుంది. ఫుట్‌రెస్టు ఎంత వెనక ఉందో కూడా చూడండి. యమహా ఎంటీ-15 సీటు 810, కేటీఎం డ్యూక్ 200 సీటు 822. ఈ అంకెలు చూసి పొడుగువాళ్లకు బాగుంటాయనుకుంటారు. వాటిలో ఫుట్‌రెస్టు పైకీ వెనక్కీ జరిగి ఉంటుంది కాబట్టి కాలు పూర్తిగా మడతపడుతుంది, ఒళ్లు ముందుకు వంగుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ దీనికి పూర్తిగా తలకిందులు: కాళ్లు ముందుకు చాపుకోవచ్చు, బాగానే అనిపిస్తుంది, కానీ సీటు 765 కావడంతో గుంత పడినప్పుడు మీ బరువంతా నడుము మీదే పడుతుంది. కాళ్ల మీద లేచి దెబ్బ తప్పించుకోవడం కుదరదు.

షోరూములో చేయాల్సిన పరీక్ష: మెయిన్ స్టాండు ఉంటే వేయించండి, లేకపోతే ఇద్దరిని పట్టుకోమనండి. పాదాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి పది నిమిషాలు కూర్చోండి. సేల్స్ కుర్రాడు ఇబ్బంది పడితే పడనివ్వండి. పక్క నుంచి, మోకాలి ఎత్తులో ఫోన్ పెట్టి ఫొటో తీయించండి. తొడకూ పిక్కకూ మధ్య కోణం గోడ మూల కన్నా బాగా తక్కువగా కనిపిస్తే ఆ బండి మీతో చిత్తూరు దాకా రాదు, చంద్రగిరి దాటగానే దిగి కాళ్లు విదిలించుకుంటారు. తర్వాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ, పూర్తిగా కుడికీ తిప్పి చూడండి. గ్రిప్పు గానీ లివరు గానీ మోకాలికి తగిలితే ఆ బండి మీద ఎనిమిది వేయలేరు. స్కూటర్ మీద మీకొచ్చిన ఇబ్బంది ఇదే. మోకాలు అడ్డం పడితే కాలు బయటికి జరపాలి, కాలు జరిగితే బ్యాలెన్సు పోతుంది, పాదం నేలకు తగిలిందో, పరీక్ష పెట్టే బ్రేకు ఇన్‌స్పెక్టరు మళ్లీ రమ్మంటారు.

మీకు పనికొచ్చే బండ్లు ఇప్పుడు చూద్దాం. అంకెలు మోడల్ ఏడాదిని బట్టి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతాయి.

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ సీటు 825, బరువు 159 కిలోల దరిదాపు. ఈ ధరలో పొడుగు మనిషి ఒళ్లు విరుచుకుని కూర్చోగలిగిన బండి ఇదే. సన్నటి ట్యాంకు, వెడల్పైన హ్యాండిల్, లేచి నిలబడి నడిపినా నడుము వంచనక్కర్లేదు. ముందు చక్రం 21 అంగుళాలు కాబట్టి గుంతలను లెక్కచేయదు. లోపాలు మూడున్నాయి. గంటకు 90 కిలోమీటర్లు దాటితే ఇంజను వణుకు చేతులకు తెలుస్తుంది. స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లు కావడం వల్ల మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, ట్యూబ్‌లెస్‌లాగా నెమ్మదిగా దిగదు. పైగా ట్యూబు కోసం చక్రం విప్పాల్సిందే. ప్రో అన్న పేరుతో వచ్చే రకం సీటు 891 మి.మీ., దాని జోలికి మీరు కూడా వెళ్లకండి, అది మట్టిలో ఎగరడానికి చేసింది. కొత్తగా వచ్చిన ఎక్స్‌పల్స్ 210 సీటు 830, నీటితో చల్లబడే ఇంజను, హైవే మీద 200 కన్నా నయం. బరువు మాత్రం పది కిలోల దాకా పెరిగింది.

సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ సీటు 835, బరువు 167, ఇంజను 249 సీసీ. ముందు 19, వెనక 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు, రెండు చక్రాలకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది). తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, రోడ్డు బాగుంది, లారీలు ఎక్కువ. ఆ దారిలో వారం వారం తిరిగేవాళ్లకు 80 మీద హాయిగా పోయి, లారీని దాటడానికి ఇంకొంచెం దమ్ము మిగిలి ఉండే ఇంజను కావాలి. ఆ దమ్ము దీనికుంది. మీ ఎత్తుకు ఒక చిక్కు: ముందున్న గాలి అద్దం (విండ్‌స్క్రీన్) పై అంచు నుంచి తెగిన గాలి సూటిగా హెల్మెట్‌కు కొట్టి దడదడలాడుతుంది. అద్దాన్ని పెంచడమో, పూర్తిగా తీసేసి చూడడమో చేయాలి. తీసేస్తేనే నయమనిపించే వాళ్లు చాలామంది, గాలి ఛాతీకి తగిలినా తల కదలదు.

అమ్మగారి సంగతి. 830 సీటున్న బండి వెనక సీటు ఇంకా ఎత్తుగా ఉంటుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే ఆవిడ అరుగో మెట్టో లేకుండా ఎక్కలేరు. ఆవిడ ఎక్కేటప్పుడు బండి ఒరిగితే ఆపాల్సింది కొత్తగా నేర్చుకున్న మీరు. వారానికి రెండు మూడుసార్లు ఆవిడ కూర్చునేట్టయితే హోండా ఎన్ఎక్స్ 200 చూడండి, దీని పాత పేరు సీబీ 200ఎక్స్. సీటు 810, బరువు 147, నిటారుగా కూర్చోవచ్చు, వెనక సీటు మరీ ఎత్తు కాదు. అదీ ఎక్కువనుకుంటే షైన్ లాంటి మామూలు 125 తీసుకుని, కింద చెప్పినట్టు సీటు పెంచుకోండి. ఏది కొన్నా వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే కడ్డీ, ఎడమ పక్క చీర గార్డు ఉండాలి, అది చట్టమే. అందం చెడుతుందని గార్డు పీకేయించకండి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మీకు సరిగ్గా సరిపోయే బండి, సీటు 825 నుంచి 845కు పెంచుకోవచ్చు కూడా. కానీ 196 కిలోలు. రెండేళ్ల తర్వాత ఆలోచించండి. 350 సీసీ దాటిన బండ్ల మీద 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం, అంతకు లోపు వాటి మీద 18. ఆ లెక్కా మనసులో పెట్టుకోండి. అదే కంపెనీ హంటర్ మీకు బొమ్మలా ఉంటుంది, వదిలేయండి.

బయటి దేశాల వీడియోలు చూసి, నేర్చుకునేవాళ్లకు ఇన్ని సీసీలే అని ఇక్కడా నియమం ఉందనుకుంటారు కొందరు. మనకు లేదు. గేరు బండి లైసెన్సు ఒకటే, దాని మీద 100 సీసీ అయినా 650 అయినా నడపొచ్చు. పరిమితి పెట్టుకోవాల్సింది మనమే. స్కూటర్ మీద పరీక్ష ఇచ్చి తెచ్చుకున్న లైసెన్సు ఉంటే మాత్రం అది గేరు లేని బండ్లకే చెల్లుతుంది, గేరు కోసం మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) తీయాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసిన 30 రోజుల తర్వాతే పరీక్షకు వెళ్లాలి. ఆ రోజుల్లో బండికి ముందూ వెనకా తెల్ల రేకు మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి: రేకు 18 సెం.మీ. చదరం, అక్షరం 10 సెం.మీ. ఎత్తు. వెనక లైసెన్సు ఉన్న, నేర్పే మనిషి తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు.

స్ప్లెండర్ మీద నేర్చుకునే ముందు దాన్ని మీ ఒంటికి సరిచేసుకోవాలి. గంట పని. మీ బూటు 11వ నంబరో 12వ నంబరో అయ్యుంటుంది. గేరు పెడల్‌కు ముందూ వెనకా రెండు తొక్కుడు పలకలుంటాయి కదా, పెద్ద పాదం వాటి మధ్య ఇరుక్కుంటుంది. ఆపేటప్పుడు పాదం బయటికి రాక పడిపోవడానికి ఇదొక కారణం. పెడల్ బోల్టు విప్పి, పెడల్‌ను పళ్ల కడ్డీ మీద ఒక పన్ను తిప్పి బిగిస్తే ముందు పలక కాస్త పైకి లేస్తుంది. వెనక పలక అంత మేర కిందికి దిగుతుంది, నేలకు గానీ ఫుట్‌రెస్టుకు గానీ తగలడం లేదని చూసుకోండి. వెనక బ్రేకు పెడల్ రెండు నుంచి మూడు సెంటీమీటర్లు కదిలాక పట్టాలి. క్లచ్ లివరు చివర 10 నుంచి 15 మి.మీ. వదులు ఉండాలి. వదులు లేకపోతే క్లచ్ జారుతుంది, మరీ ఎక్కువైతే గేరు పడక కటకటమంటుంది, కొత్తవాళ్లు అది తమ తప్పేననుకుంటారు. వెనక షాకబ్జర్ల అడుగున ఉన్న గాడి తిప్పి రెండు మెట్లు గట్టి చేయండి, మీ బరువుకు సీటు దిగిపోకుండా ఉంటుంది.

మోకాళ్లకు నిజంగా ఊరట ఇచ్చేది సీటు ఫోము. సీటు కవర్లు కుట్టే షాపులో పైన 25 మి.మీ. గట్టి ఫోము వేయించండి. మెత్తటిది వేస్తే నెలలో అణిగిపోయి మొదటికొస్తుంది, బొటనవేలితో గట్టిగా నొక్కితే సగం కూడా దిగని ఫోము అడగండి. సీటు ముందు భాగం వెడల్పు పెంచవద్దని గట్టిగా చెప్పండి. హ్యాండిల్ కింద 20, 30 మి.మీ. దిమ్మెలు పెట్టించుకుంటామంటే పెట్టించుకోండి, కానీ పైపు హ్యాండిల్ ఉన్న బండికే. పెట్టాక ఇంజను ఆన్ చేసి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. తిప్పినప్పుడు ఇంజను తనంతట తాను రేజ్ అయితే కేబుల్ లాగుతోందని అర్థం. అలాగే వదిలేస్తే యూ టర్న్ మధ్యలో బండి ముందుకు దూకుతుంది. బ్రేకు గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు. ఫుట్‌రెస్టులు కిందికి దించే పని మాత్రం వద్దు, మలుపులో నేలకు గీసుకుంటాయి, గేరు పెడల్ కూడా కాలికి అందకుండా పోతుంది.

సాధనకు ఊరి బయట వేసిన వెంచర్లలో ఖాళీ తారు రోడ్లు చాలు, పొద్దున ఆరు లోపు. పొడుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చెడ్డ అలవాటు అంటుకుంటుంది: కాళ్లు సులువుగా అందుతాయి కాబట్టి కదిలేటప్పుడూ ఆపేటప్పుడూ రెండు పాదాలూ నేల మీద ఈడుస్తూ పోతారు. పొట్టివాళ్లు విధిలేక బ్యాలెన్సు నేర్చుకుంటారు, మీకు కాళ్లే ఊతకర్రలైపోతాయి. అందుకని మొదటి రోజు నుంచే నియమం పెట్టుకోండి. మొదటి గేరులో యాక్సిలేటర్ ఇవ్వకుండా, క్లచ్‌ను వేలెడు వేలెడుగా వదులుతూ బండి కదిలే చోటు పట్టుకోండి. కదిలాక బండి పొడవంత దూరంలోనే రెండు పాదాలూ ఫుట్‌రెస్టు మీద ఉండాలి. ఆపేటప్పుడు బండి పూర్తిగా ఆగాకే ఎడమ పాదం ఒక్కటే దించాలి, కుడి పాదం బ్రేకు మీదే ఉండాలి. రోజుకు ఇరవై ముప్పైసార్లు ఇదే, వారం పాటు. రెండో వారం నుంచి పెద్ద ఎనిమిది, తర్వాత చిన్న ఎనిమిది. చూపు ముందు చక్రం మీద కాదు, తిరగబోయే చోటు మీద. నెమ్మది వేగంలో ముందు బ్రేకు ముట్టుకోకండి, హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు నొక్కితే బండి అక్కడికక్కడే పడుతుంది.

ఎల్ బోర్డుతో కొండకు వెళ్దామని ఎవరైనా పిలుస్తారు, తిరుపతిలో ఉండి అది తప్పదు. లైసెన్సు వచ్చి రెండు నెలలయ్యేదాకా ఘాట్ రోడ్డు వద్దు, అటు భాకరాపేట ఘాట్ అయినా అంతే. వెళ్లినప్పుడు ఎక్కడం కన్నా దిగడమే కష్టం. తిరుమల నుంచి దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ఊరికే పెట్టలేదు. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో జారుకుంటూ దిగేవాళ్లు కనబడతారు. వెనక డ్రమ్ బ్రేకును అదేపనిగా తొక్కితే షూ కాగిపోయి పట్టు తగ్గిపోతుంది, కింది మలుపుల దగ్గర పెడల్ తొక్కినా బండి ఆగదు. రెండో గేరులో, ఇంజను ఆన్‌లో ఉంచి, యాక్సిలేటర్ వదిలేసి దిగండి. వేగాన్ని ఇంజనే పట్టుకుంటుంది, బ్రేకు మలుపుకు ముందు మాత్రం వాడితే చాలు. దిగేటప్పుడు మీ బరువు ముందుకు జారి చేతుల మీద పడుతుంది, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని కూర్చోండి. మోకాళ్లు ట్యాంకు గాడిలో ఇమిడే బండి కొనమనేది ఇందుకే.

సెకండ్ హ్యాండు ఎక్స్‌పల్స్ దొరికితే కొత్తదాని కన్నా అదే నయం, మొదటి గీతలు ఎలాగూ పడతాయి. చూసేటప్పుడు పగలే వెళ్లండి. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి పెట్టి ఉంటే అనుమానించండి. స్పోకులను స్పానర్‌తో ఒక్కొక్కటి మీటి చూడండి, అన్నీ ఇంచుమించు ఒకే స్వరం పలకాలి, ఎక్కడైనా మొద్దుగా పలికితే అది వదులైంది. చక్రం లేపి తిప్పితే రిమ్ము ఊగకూడదు. ముందు ఫోర్కు కడ్డీల మీద ఆయిల్ తడి, హ్యాండిల్ వంకర, ఇంజను అడుగు రేకు మీద లోతైన సొట్టలు ఉంటే అది రాళ్లలో తిరిగిన బండి. వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) దగ్గర చైనును వెనక్కి లాగండి, సగం పన్ను కన్నా ఎక్కువ బయటపడితే చైను సెట్టు మార్చాలి, ఆ మేరకు ధర తగ్గించమనండి.

చిత్తూరు నుంచి వేలూరు దగ్గరే కాబట్టి అక్కడ తక్కువకొస్తుందని టీఎన్ (తమిళనాడు) బండి మీద మనసు పోతుంది. ఆ తక్కువ ధరకు ఇవి కలిపి లెక్కేయండి: అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, ఏపీ నంబరు, పేరు మార్పుకు 29, 30 ఫారాలు, ఇన్సూరెన్సు బదిలీ. ఎన్‌వోసీ చేతికి రాకముందు పూర్తి డబ్బు ఇవ్వకండి. హ్యాండిల్ మెడ దగ్గర కొట్టి ఉన్న ఛాసిస్ నంబరును ఆర్సీతో అంకె అంకెగా పోల్చి, పాత చలానాలు ఆన్‌లైన్‌లో చూసి, అప్పుడే అడ్వాన్సు మాట ఎత్తండి.